పేరు కప్పి చూసిన గ్రాఫిక్స్ కార్డు

ఒకే చిప్ ఉన్న రెండు గ్రాఫిక్స్ కార్డుల్లో ఖరీదైనదే మంచిదని మీకెవరు చెప్పారు? పరీక్షించి చూశారా, నమ్మేశారా?

కరోనా తగ్గిన ఏడాది వేసవిలో నన్ను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు కంప్యూటర్ సర్వీసు కేంద్రానికి సీనియర్ ఇంజనీరుగా బదిలీ చేశారు. అక్కడికి కొల్లేరు లంక గ్రామం నుంచి సుజాత అనే ఆమె, మరిది రాంబాబుతో వచ్చింది. ఆమె ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. ముక్కలన్నీ కలిపి వీడియో తయారుచేసే రెండరింగ్ సగంలో ఉండగా కంప్యూటర్ ఆగిపోతోంది. మరోసారి ఆలస్యమైతే పని వేరేవాళ్లకిస్తామని ఏలూరు స్టూడియోవాళ్లు తేల్చి చెప్పారట. ఆ పనే ఆమె జీవనం.

ఆమె కంప్యూటర్‌లో వీడియో పని మోసే గ్రాఫిక్స్ కార్డు తీసి విప్పాను. చిప్ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మను హీట్‌సింక్ అంటాం. దాని సందుల్లో తవుడు గట్టిగా పేరుకుపోయింది. చేపల చెరువుకు వేసే తవుడు బస్తాలను, వాన తగలకుండా కంప్యూటర్ గదిలోనే పెట్టారట. వేడి బయటికి పోక కార్డు చివరికి మాడిపోయింది. దుమ్ముతో పాడైతే వారంటీ వర్తించదు.

"పెద్ద కంపెనీదండీ! తవుడికే పోతుందా?" అన్నాడు రాంబాబు.

"మీ చేపలకి తక్కువైందేమో గానీ, నా కార్డుకి మాత్రం మేత లోటు చెయ్యలేదయ్యా," అంది సుజాత.

కొత్తది కూడా ఆ కంపెనీదే కావాలని అతని పట్టు. చిప్ తయారుచేసేది ఒకరు, దాన్ని బోర్డుపై అమర్చి, హీట్‌సింక్, ఫ్యాన్లు బిగించి తమ పేరుతో అమ్మేది మరొకరని చెప్పాను. వినలేదు. అదే చిప్ ఉన్న రెండు కార్డులు, ఆ కంపెనీది ఒకటి, చవకది ఒకటి తెచ్చి, పేర్ల మీద కాగితం అంటించి, గుర్తుపట్టకుండా కార్డు దీపాలు ఆర్పేసి, ఒకే వీడియో నడిపించాను. పూర్తి చేసిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకటి మాత్రం చల్లగా, చప్పుడు లేకుండా నడిచింది.

"ఇదేనండీ పెద్ద కంపెనీది! చప్పుడే లేదు చూడండి," అన్నాడు రాంబాబు. కాగితం తీశాను. అది చవకది.

"ఇప్పుడేమంటావయ్యా?" అంది సుజాత.

ఖరీదైన కార్డులో అదనంగా ఉన్నవి రంగు దీపాలు, ఫ్యాక్టరీలో కాస్త పెంచిన వేగం. చవకదానికి దిమ్మ మందంగా ఉంది, ఫ్యాన్లు సులువుగా విప్పి తుడవొచ్చు. అలాగని చవకదే గెలుస్తుందనీ కాదు. పలచటి రేకుతో వచ్చి, వేడెక్కగానే చతికిలబడిన చవక కార్డులను కూడా బల్ల మీద చూశాను. ధర ఎటువైపూ సాక్ష్యం కాదు.

సుజాత చవకదే తీసుకుంది. బస్తాలను వరండాలోకి మార్పించింది. వీడియో గడువులోగా అందింది, స్టూడియో పని ఆమెకే ఉంది.

పుట్టిన ఇంటిపేరు చూసి మనిషికి విలువ కట్టే అలవాటునే మనం దుకాణంలోకీ మోసుకెళ్తున్నాం. ఈసారి కార్డు కొనేటప్పుడు పేరును చేత్తో కప్పండి. దిమ్మ ఎంత మందమో, మరమ్మతు ఎక్కడ చేస్తారో అడగండి. మీ కళ్లముందు నడిపించి చూపించమనండి. చూపించకపోతే డబ్బు తీయకండి, లేచి వచ్చేయండి.