పెట్టెల కార్తె

మొన్న ఇంటికి కొత్త మానిటర్ వచ్చింది. పెట్టె విప్పగానే గుప్పుమనే ఆ కొత్త ప్లాస్టిక్ వాసనకి అందరికీ ఆఫీసు గుర్తొస్తుందేమో గాని, నాకు మాత్రం కరివేపాకు గుర్తొస్తుంది. ఆ పుణ్యం మా నాన్నది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడిపోతాయని భయపడి, పారమట్టా ఆఫీసులన్నీ పాతవి తీసి కొత్తవి పెట్టుకుంటున్న రోజుల్లో, ఆ పని మీదే బాపట్ల నుంచి మమ్మల్ని తీసుకొచ్చిన నాన్న, సాయంత్రం రైలు దిగి రెండు చంకల్లో మానిటర్ పెట్టెల్లోని థర్మాకోల్ అచ్చులు పెట్టుకుని వచ్చేవాడు. అవి అమ్మ మొక్కలకి చలికోట్లు.

మేముండే ఇటుకల బిల్డింగు పైకప్పు మీద బట్టలారేసే తీగలు తప్ప ఏమీ ఉండేవి కావు. అమ్మ అక్కడ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో, పెయింటు బకెట్లలో, కూరగాయల షాపువాడు పారేసిన పెట్టెల్లో గోంగూర, మెంతికూర, మిరప పెంచేది. అన్నిటికీ పెద్ద దిక్కు కరివేపాకు. అది కింది వాటాలో ఉండే సరోజా ఆంటీ ఇచ్చిన మొక్క. ఆవిడ ముత్తాతలు మన వైపు నుంచే ఫిజీ చెరుకుతోటలకి వెళ్ళారట. ఆవిడ దగ్గర మిగిలిన తెలుగల్లా వరసలూ, కూరగాయల పేర్లూనే.

అంతకుముందు అమ్మ పెంచిన కరివేపాకు మొక్కలు చలికి చచ్చిపోయాయి. "ఇది కూడా పోతే ఇంక ఈ దేశంలో మొక్క జోలికి పోను" అంది అమ్మ. వెనక్కి వెళ్ళిపోదాం అని నాన్నతో అనేటప్పుడు కూడా ఆమె గొంతు అలాగే ఉండేది. అందుకని ఆ మొక్క బతకాలని ఇంట్లో అందరం కోరుకున్నాం.

బాపట్లలో ఎండాకాలమైతే ఈ దేశంలో చలికాలం కాబట్టి, ఉగాది మాకు ఆకులు పండి రాలే కాలంలో వచ్చేది. వేపపువ్వు దొరక్క కాకరకాయ ముక్క వేసిన పచ్చడి నాలిక మీద ఇంకా చురుక్కుమంటుండగానే చలి పనులు మొదలయ్యేవి. కుండీలన్నీ ఎండ పడే ఇటుకగోడ వారకి జరిపి, మొదళ్ళ చుట్టూ ఎండుటాకులు కప్పి, నీళ్ళు తగ్గించి, థర్మాకోల్ అచ్చుల్ని కరివేపాకు చుట్టూ టేపుతో అతికించి నాన్న చిన్న ఇల్లు కట్టేవాడు. పైన బుడగల కవరు చుట్టాలి గాని, తమ్ముడూ నేనూ అప్పటికే సగం బుడగలు టప్‌టప్‌మనిపించేసేవాళ్ళం.

ఒక ఏడు బాపట్ల నుంచి నానమ్మ వచ్చింది. ఆమెకి కాలమంటే కార్తెలే. రోహిణిలో రోళ్ళు పగలాలి గాని ఇక్కడ నా మడమలు పగులుతున్నాయేమిటని రెండేసి మేజోళ్ళు తొడుక్కుని సణిగేది. అయినా కార్తెని వదల్లేదు. మృగశిర ప్రవేశించిన రోజున, దానికి సాక్ష్యమా అన్నట్టు వాన పడింది. ఇక ఆమెని ఎవరు ఆపగలరు? "నానమ్మా, ఇట్స్ వింటర్" అని నేనంటే, వింటర్ మీ స్కూల్లోనమ్మా అంది. అమ్మ షాపింగ్‌కి వెళ్ళిన సమయం చూసి గోంగూర విత్తనాలు చల్లి, తొలకరి తగిలితే మొక్క ఎగబాకుతుందని కరివేపాకు ఇల్లు విప్పేసింది. తిరిగొచ్చిన అమ్మ పైకి వెళ్ళి చూడలేదు. సాయంత్రానికి మబ్బులన్నీ పోయి ఆకాశం అద్దంలా తేటపడింది.

తెల్లారి చూస్తే తీగల మీది క్లిప్పులకి కూడా తెల్లటి మంచు పొడి అంటుకుంది. కరివేపాకు ఉడికించినట్టు నల్లబడి వేలాడుతోంది. ఆ తర్వాత అత్తాకోడళ్ళ మధ్య అన్నం, కూర, నీళ్ళు తప్ప వేరే మాటలుండేవి కావు. నానమ్మ మాత్రం ఆ మొక్కని మోడుగా కత్తిరించి, తన నేతచీర చింపి చుట్టి, ఊడిన అచ్చులన్నీ మళ్ళీ అతికించి, పారెయ్యమని అమ్మ అన్నా వినకుండా రోజూ పైకెళ్ళి దాని పక్కన ఎండలో కూర్చునేది. నాకు ఆమెని చూస్తే జాలేసేది.

వీసా అయిపోయి ఆమె వెళ్ళేనాటికి కూడా అది మోడే. ఎయిర్‌పోర్టులో అమ్మ ఆమె కాళ్ళకి దండం పెట్టింది గాని, ఆమె ముఖం చూడలేదు.

వినాయకచవితి వెళ్ళాక ఒక ఆదివారం, బట్టలారెయ్యడానికి వెళ్ళిన అమ్మ తడిబట్టల బుట్ట అక్కడే వదిలేసి పరుగున కిందికొచ్చి, నానమ్మకి ఫోన్ చెయ్యడానికి ఫోన్ కార్డు గీకింది.

"అత్తయ్యా, చిగురేసింది. మీ చీర ఇంకా విప్పలేదు."

అవతల నుంచి నానమ్మ అంది, "నా కార్తెలు అక్కడ పనికిరావులే అమ్మాయ్. నీ ఊరి కార్తెలు నువ్వే చూసుకోవాలి."

అమ్మ ఏడ్చింది. వెనక్కి వెళ్దామన్న మాట ఆ తర్వాత ఆమె నోట నేను వినలేదు. మరుసటేడు నుంచి మా ఇంట్లో ఉగాది తర్వాత వచ్చేది పెట్టెల కార్తె.

ఇప్పుడు ఆ కరివేపాకు బ్లాక్‌టౌన్‌లో అమ్మావాళ్ళ పెరట్లో కప్పుని దాటి నిలబడింది. దానికి ఏ చలికోటూ అక్కర్లేదు. అంత ఎదిగాక నానమ్మ దాన్ని చూడలేదు. ఆ బిల్డింగు పడగొట్టేశారు. నా కొత్త మానిటర్ పెట్టెలోనూ థర్మాకోల్ లేదు, నొక్కిన అట్టే ఉంది. వానకి ఒక్క రోజు కూడా ఆగదు. అయినా పారెయ్యబుద్ధి కాక, దాన్ని నా బాల్కనీలోని పిల్ల కరివేపాకు చుట్టూ నిలబెట్టి, పాత చున్నీ ఒకటి చింపి చుట్టి, అమ్మకి ఫోన్ చేశాను.

"పెట్టెల కార్తె వచ్చిందిగా," అంది అమ్మ. "వాన పడిందని విప్పకు."