ఉస్తా చెయ్యి ఊగని రోజు

పనితనం చూసి ఊరంతా ఉస్తా అని పిలిచే కమ్మరి ఎసెన్‌గుల్‌కు దూరపు చూపు మందగించి మూడేళ్లయింది. దగ్గరివి బాగానే కనిపిస్తాయి, సూదిలో దారం కూడా ఎక్కిస్తాడు. ఎదురు కొండ మీద మాత్రం మేకా బండా ఒకటే. అందుకే ఊరి సమష్టి వ్యవసాయ సంఘం, కల్ఖోజ్ వాళ్లు తోడేళ్ల వేటకిచ్చే రైఫిల్‌ను అతని దగ్గర్నుంచి తీసుకుని బావమరిది తొకొబాయ్ చేతిలో పెట్టారు. ఉస్తాకు కొలిమీ ఆకురాళ్లూ మిగిలాయి.

రైఫిల్ పోవడం కన్నా షిరల్గా పోవడం అతన్ని ఎక్కువ కాల్చింది. వేట మోసుకొస్తున్నవాడికి ఎవరెదురైనా ‘షిరల్గా!’ అంటే చాలు, వాటా కోసివ్వాల్సిందే. ఇరవై ఏళ్లు ఆ కేక అతని గుర్రం చుట్టూ మోగింది. ఇప్పుడు తొకొబాయ్ వెంట మోగుతోంది. పోయిన చలికాలం భార్య బురుల్చా కూడా వీధిలో తమ్ముడికి ఎదురెళ్లి అడిగి, కొండమేక పక్కటెముకలు తెచ్చి వండింది.

“ఎంత లేతగా ఉందో చూడు. వాడు ఏరి కొడతాడు.”

ఉస్తా నమిలి మింగాడు. అది రుచిగా ఉండడమే అతనికి సహించలేదు.

ఆకులు రాలే రోజుల్లో తొకొబాయ్ రైఫిల్ పట్టుకుని కొలిమి దగ్గరికొచ్చాడు.

“బావా, దీనికి పిచ్చెక్కింది. మంద దగ్గర తోడేలు నన్ను చూసి ఆవులిస్తుంటే, దాని వెనకున్న బండను కొట్టాను.”

“బండ చచ్చిందా?”

“చచ్చింది. తోలు వలవడమే కుదర్లేదు.”

తూటా లేదని రెండుసార్లు చూసుకుని ఉస్తా గొట్టం మూతిని వెలుతురుకు పెట్టాడు. ఏళ్ల తరబడి ఉక్కు కడ్డీని మూతిలోంచే దూర్చి తుడవడం వల్ల చివర రెండు వేళ్ల మేర లోపలి గాడులు అరిగి నున్నబడ్డాయి. ఆ అరుగుదలలో ఎక్కువ పాలు తన చేతిదే. ఆ సంగతి పైకి చెప్పలేదు.

“రెండు వేళ్లు కోసెయ్యాలి.”

“కొయ్యి బావా, నా వేళ్లు కాకపోతే చాలు.”

గొట్టాన్ని వైసులో బిగించి, కాగితం చుట్టి గీత గీసి, హాక్సాతో కోశాడు. మూలమట్టం ఆనించి చూసుకుంటూ ఆకురాయితో సాపు చేశాడు. పొడి పోకుండా గొట్టం లోపలికి గుడ్డ కుక్కాడు. ఆఖరి పని ఇత్తడి మరమేకుది. గుండ్రటి తల ఉన్న మరమేకును చేతి డ్రిల్లుకు తగిలించి, నూనెలో కలిపిన ఎమరీ పొడి పూసి, మూతి అంచు మీద తిప్పాలి. తిప్పినంతసేపూ డ్రిల్లు పట్టిన చెయ్యి మెల్లగా గుండ్రంగా ఊగుతుండాలి. లేకపోతే అంచు ఒకవైపే ఎక్కువ అరుగుతుంది. వెంట్రుకవాసి తేడా చాలు, తూటా బయటపడే క్షణంలో వెనకనుంచి తోసే మందుగుండు గాలి ఆ వైపు నుంచి ముందుగా తన్నుకొచ్చి దాన్ని పక్కకు నెడుతుంది. చూసేవాడికి మాత్రం మూతి అద్దంలా మెరుస్తుంది.

ఉస్తా చెయ్యి ఊగలేదు.

మూడో రోజు తొకొబాయ్ మళ్లీ వచ్చాడు. గురి చూసుకునే చెక్క పలక మీద ఐదు తూటాలు ఐదు చోట్ల తగిలాయట.

“నీ పనికి వంక పెట్టను బావా. తప్పు నా కంట్లోనే ఉంది. నీకొచ్చిందే నాకూ వచ్చినట్టుంది. రేపు కల్ఖోజ్ ఆఫీసులో రైఫిల్ అప్పజెప్పేస్తాను. అక్కకు చెప్పకు.”

ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి మొహంలో నవ్వు లేదు. మూడేళ్లుగా ఉస్తా కోరుకున్నది అదే.

“ఊఁ,” అన్నాడు.

తొకొబాయ్ గుర్రం దగ్గరికి వెళ్లాడు. కొలిమికి ఎదురుగా ఇంటి గుమ్మంలో ఉన్ని చితకగొడుతున్న బురుల్చా తలెత్తింది.

“డ్రిల్లు పడితే నీ భుజం కూడా ఊగేది. మొన్న ఊగలేదేం?”

“నడుం పట్టేసింది.”

“నడుమేనా?”

ఆమె మళ్లీ ఉన్ని వైపు వంగింది. కర్ర ముందుకన్నా గట్టిగా పడుతోంది.

ఉస్తా బయటికి నడిచాడు. తొకొబాయ్ అప్పటికే జీను ఎక్కాడు.

“దిగరా. ఇటివ్వు దాన్ని.”

బావమరిది చూస్తుండగానే మూతి మీద దూది తిప్పాడు. ఒక్క వైపే పోగులు చిక్కుకున్నాయి. మళ్లీ ఆకురాయి, మళ్లీ ఇత్తడి మరమేకు. ఈసారి దూది ఎక్కడా తగులుకోకుండా జారింది.

“నా చెయ్యి తప్పింది,” అన్నాడు. కావాలనే తప్పించానన్న మాట మాత్రం మింగేశాడు.

వాగు అవతల పలకకు తొకొబాయ్ కాల్చిన ఐదు తూటాలూ అరచేతిలో పట్టేంత చోట తగిలాయి.

“అయితే నా కళ్లు మంచివే! ఊరంతా చెప్తా బావా, ఉస్తా చెయ్యి జారిందని!”

“చెప్పుకో.”

చెప్పుకున్నాడు. కత్తెర సాన పట్టించుకోవడానికి వచ్చిన ముసలమ్మలు కూడా “జాగ్రత్త ఉస్తా, చెయ్యి జారుతుందట కదా” అని ముసిముసిగా నవ్వారు. అతను ఆ మాటలన్నీ పడ్డాడు.

ఆ చలికాలం ఆఫీసు గోడకు నాలుగు తోడేలు చర్మాలు వేలాడాయి. ఏ పని మీద వెళ్లినా ఉస్తా వాటి దగ్గర ఆగి, మొహం దగ్గరగా పెట్టి, బొచ్చు పాయలు తీసి తూటా దూరిన చోటు వెతికేవాడు. నాలుగూ భుజం వెనకే. ఒక్కటీ పక్కకు పోలేదు.

వెధవ, గురి తప్పడు, అనుకునేవాడు.