తెల్లచీర అంచు, నా పెట్రోల్ స్కూటర్

ఆదివారం పూట నాచారం నుంచి లాలాపేట చర్చికి వెళ్తూ నేను చెప్పే కథలకు ఊ కొట్టే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. స్కూటర్ వెనక కూర్చునే నా భార్య. నాచారం చెరువులోంచి మొసలి లేచొచ్చి ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు హాజరు వేయించుకుందన్నా ఊ అంది. ఉప్పల్ స్టేడియంలో కొట్టిన సిక్సర్ మా అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరబోసిన మిరపకాయల్లో పడిందన్నా ఊ అంది. మిగతా బంధువులు రెండో వాక్యానికే లేచి వెళ్లిపోతారు.

ఆ ఊకు ఎసరు పెట్టినవాడు ఉప్పల్‌లో ఉండే మా బామ్మర్ది. కరెంటు స్కూటర్ కొన్ననాటి నుంచి వాడికి పొగ తప్ప వేరే మాట లేదు.

"అక్కా, నీకసలే దమ్ము రోగం. బావ బండి మీద కూసుంటే పొగంత నీ లోపటికే పాయె. ఇగ నుంచి నేనొచ్చి తీస్కపోత."

"నీ కరెంటు యాడికెల్లి వస్తది రా? బొగ్గు కాలిస్తేనే గదా," అన్నాను.

"గా పొగ గాడ, బావా. నీ పొగ గీడ."

చర్చికి మా ఆవిడ తెల్లచీరే కడుతుంది. తిరిగొచ్చాక దాని అంచు చూసి నా స్కూటర్‌ను తిట్టడం ఆమెకు ప్రార్థన తర్వాతి ప్రార్థన. అందుకే పందెం అంచు మీదే పడింది. ఒక ఆదివారం తమ్ముడి బండి మీద వెళ్తుంది. అంచు తెల్లగా ఉంటే ఇక ఎప్పటికీ వాడి బండే. మసి పడితే నా బండే.

ఆ రోజు నేను కథ చెప్పడానికి ఎవరూ లేక, హారన్ కొట్టుకుంటూ వాళ్ల వెనక వెళ్లాను. దారంతా లారీలు, బస్సులు, పూడ్చని గుంతల దుమ్ము. చర్చి ముందు ఆమె దిగేసరికి అంచు ఎప్పటిలాగే నల్లగా ఉంది. పాట మొదలవక ముందే నేను హల్లెలూయా అన్నాను.

"ఏం రా, కరెంటుకు గూడ మసుంటదా?"

"గది లారీల పొగ, బావా."

"మరి ఇన్నేండ్లు నాదేనంటిరి?"

ఆ మాటకు జవాబు మా ఆవిడ దగ్గర ఉంది. ఇంటికి రాగానే ఇద్దరినీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబెట్టి, పాత తెల్లచీర ముక్కలు రెండు తెచ్చింది.

"రోడ్డు మీద ఏ పొగ ఎవనిదో ఎట్ల తెలుస్తది? ఈడ లారీల్లేవు. బండ్లు స్టార్ట్ చెయ్యుండ్రి."

నాది పెట్రోల్‌లో ఆయిల్ కలుపుకుని తాగే పాతకాలం బండి. ఎంతో మర్యాదగా యాక్సిలరేటర్ తిప్పాను. అయినా సైలెన్సర్ దగ్గర ఆమె పట్టిన గుడ్డ మీద పూరీ అంత నల్లమచ్చ పడింది, ఆమెకు దగ్గు తెర వచ్చింది. వాడి బండికి సైలెన్సరే లేదు. గుడ్డ ఎక్కడ పట్టాలో తెలియక దాని చుట్టూ తిరిగి, చివరికి చక్రం వెనక పట్టింది. తెల్లగానే ఉంది.

"టైర్లు అరిగితే దుమ్ము రాదా? ఆ బొగ్గో?" అన్నాను.

"వస్తది. నీ టైర్లు అరుగుతలేవా మరి? బొగ్గు సంగతి గూడ అడుగుదాం. జర దగ్గు తగ్గనియ్యి."

దగ్గు చాలాసేపు తగ్గలేదు. అంతసేపూ నాకు ఒక్క కథ కూడా తోచలేదు. ఆ వారంలోనే పాత బండిని తుక్కుకు వేసి, కరెంటుది తెచ్చాను.

ఆదివారం ఆమె వెనకెక్కింది. బండి చప్పుడు లేకుండా కదిలింది. మొసలి కథ మళ్లీ మొదలుపెట్టి, ఊ కోసం చెవి వెనక్కి పెట్టాను. రాలేదు.

"మొసలి డ్యూటీకొచ్చిందా? నాకెన్నడు జెప్పలే గీ ముచ్చట."

"ఎన్నిసార్లు జెప్పిన. ఊ కొట్టినవ్ గదా."

"గా డబ్బా చప్పుడుల ఏం ఇనబడ్డది నాకు? నీ తలకాయ ఊగినప్పుడల్ల ఊ అన్న."

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆమే కొంచెం ముందుకు వంగింది.

"అయితే గేటుకాడ వాచ్‌మన్ దాన్ని ఐడీ కార్డు అడగలేదా?"

"అడిగిండు," అన్నాను, బండి కాస్త మెల్లగా పోనిస్తూ.