సాంచా ఆగిందనుకొని లేచాడు

సహోదరులారా, మాది సిరిసిల్ల. బడికి పోకుండానే మరమగ్గాల షెడ్డులో పోగుల లెక్క నేర్చుకున్నవాణ్ణి, సరిచూసుకోనిదే దేన్నీ ఒప్పుకోను, ఈ సాక్ష్యం కూడా సరిచూసుకొనే చెబుతున్నాను.

నా తమ్ముడు రాజేశం మా షెడ్డులోనే సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. అలసట తెలియదని మొదలుపెట్టిన గంజాయి చివరికి వాణ్ణే నడిపించింది, ఒంట్లో కండ లేదు, మాటలో నిలకడ లేదు, ఒకరోజు మత్తులో నడుస్తున్న సాంచాలో చెయ్యి పెట్టబోతే పక్కవాడు లాగి కాపాడాడు! ఆ రోజే మరదలు సుజాత పిల్లల బట్టలు సర్దింది.

"బావా, ఈ ఆదివారం దాకా చూస్త. మారకుంటే పిల్లల్ని తీస్కొని కోరుట్ల మా తల్లిగారింటికి పోత" అన్నది.

ఆ ఆదివారమే మందిరంలో నా బిడ్డ రూతు, మా సంఘం యౌవనస్థులు కలిసి గంజాయి మీద ఒక రాక్ పాట పాడబోతున్నారు. వాళ్లు సాధన చేస్తుంటే ఆ డ్రమ్ములు, గిటార్లు విని, "ఇది పాటనా, సాంచాల షెడ్డా?" అని విసుక్కున్నాను. రాజేశం నవ్వాడు.

"గట్లయితే నేను గూడ వస్త అన్నా. గా సప్పుడుల మంచిగ నిద్ర పడ్తది."

అన్నట్టే వచ్చి, వెనక గోడకు ఆనుకొని గురక పెట్టాడు! సుజాత నా వైపు చూసింది, నేను తల దించుకొని, "ప్రభువా, నా లెక్క ఇక్కడికే అయిపోయింది, ఇక నీదే" అని ప్రార్థించాను.

"పొగను నువ్వు తాగుతలేవు, పొగే నిన్ను తాగుతున్నది" అని పిల్లలు గొంతెత్తి పాడి ఆపగానే డ్రమ్ములు, గిటార్లు కూడా ఒక్కసారిగా ఆగాయి. మందిరమంతా నిశ్శబ్దం. సాంచా పనివాడికి చప్పుడులో నిద్ర పడుతుంది, చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది, ఎందుకంటే పోగు తెగితే సాంచా ఆగుతుంది. రాజేశం దిగ్గున లేచి, తెగిన పోగు కోసం చెయ్యి చాచాడు! చిన్నపిల్లలు కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు మాత్రం ప్రార్థనకే లేచాడనుకొని, "రా తమ్ముడా" అని పిలిచారు.

వాడు పక్కనే ఉన్న నా చెవిలో, "అన్నా, సాంచా ఆగిందనుకొని లేసిన" అన్నాడు.

"లేసినవు గద, ఇగ కూసోకు" అన్నాను.

కూర్చోలేదు, సహోదరులారా! ముందుకు వెళ్లి మోకరించి, వెక్కి వెక్కి ఏడ్చి, "ప్రభువా, తెగింది నేనే. నువ్వే అతుకు" అని ప్రార్థించాడు. ఆ తర్వాత వణుకు, చెమటలు, తిట్లు అన్నీ చూశాం, ప్రార్థిస్తూనే పెద్దాసుపత్రి డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాం, సుజాత సర్దిన బట్టలు మళ్లీ దండెం మీదికి వచ్చాయి, ఇప్పుడు వాడు ప్రతి ఆదివారం ఆ డ్రమ్ముల పక్కనే కూర్చుంటాడు, మెలకువగా! నా లెక్కలో ఆ పాటే లేదు, కనుక మహిమంతా నా దేవునిదే.

ఈ జగిత్యాలలో గాని, పక్కన ధర్మపురిలో గాని, మీ ఇంట్లో అలాంటి తమ్ముడుంటే సభకు తీసుకురండి. వెనక కూర్చొని నిద్రపోతే పోనివ్వండి. తీసుకురావడం వరకే మన పని, లేపేవాడు వేరే ఉన్నాడు.