సోలార్ ప్లేట్లకు బొట్టు

నా ఉద్యోగం ఏమిటో మా నాయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నేను చేయని ప్రయత్నం లేదు. కొత్త యంత్రాలు ఊళ్లోకి వచ్చాక జనం వాటితో ఏం చేస్తారో, పర్యావరణం బాగుండాలని సర్కారు రాసుకునే విధానాలు ఆ జనానికి నప్పుతాయో లేదో చూడటం నా పని అని, ఒకసారి హిందూపురంలో మా ఇంటి వసారాలో కూర్చుని వివరంగా చెప్పాను. ఆయన అంతా విని, "అంటే నువ్వు మిషను చేయవు, చెడిపోతే బాగు చేయవు. చేసినోళ్లనీ వాడేటోళ్లనీ ఊరికే అడుగుతాంటావు. దీనికి దుడ్లు కూడా ఇస్తారా?" అన్నాడు. ఇస్తారన్నాను. "మంచి దేశమే," అని పేపరు తిప్పుకున్నాడు.

ఆ అడిగే పని మీదే ఒక ఏడాదంతా ధర్మవరం తిరిగాను. నేత ఇళ్ల మీద సోలార్ ప్లేట్లు పెట్టి, మగ్గం మీద చీరకు పువ్వులు తేల్చే జకార్డును ఎత్తే మోటారును ఎండతోనే నడపొచ్చా అని చూసే ప్రయోగం అది. ఒక వీధిలో కొన్ని ఇళ్లకు ప్లేట్లు, బ్యాటరీ, మోటారు అన్నీ కలిపి ఒక సెట్టుగా ఇచ్చారు. సామాను సంగతి చూడటానికి ఒక ఇంజనీరు, మనుషుల సంగతి చూడటానికి నేను. నేను హిందూపురంలో పొద్దున రైలెక్కితే ఆయన పెనుకొండలో ఎక్కేవాడు. అక్కడి నుంచి ధర్మవరం దాకా కిటికీ పక్క సీటు కోసమూ, యంత్రం ముఖ్యమా జనం ముఖ్యమా అన్నదాని కోసమూ పోట్లాడుకుంటూ పోయేవాళ్లం. మనిషి మంచివాడే, కాకపోతే గ్రాఫులో కనిపించనిది లోకంలోనే లేదనుకునే రకం. నేనేమో నోరు మూసుకుని ఉండలేని రకం.

ఆ వీధిలో నాకు బాగా చనువైంది ఒక అక్క ఇల్లు. ఆమె భర్త పట్టుచీరల నేతలో చెయ్యి తిరిగినవాడు. గుంట మగ్గంలో కూర్చుని జకార్డును తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. ఇక తొక్కొద్దని డాక్టరు చెప్పాక, మగ్గం వదిలేసి మూలన కూర్చుని దారం కండెలు చుట్టేవాడు. మోటారు వచ్చిన తర్వాతే మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. కాళ్లతో ఎత్తాల్సిన బరువును మోటారు ఎత్తుతుంది, ఆయన చేతులు చీర సంగతి చూసుకుంటాయి. ఆయన నేస్తుంటే చూడటం నాకు భలే ఇష్టం.

దసరా అయిపోయాక ఒకరోజు రైల్లో ఇంజనీరు తన ఫోను నా మొహం ముందు పెట్టాడు. ఆ వీధి ఇళ్ల కరెంటు గీతలన్నీ కిందికి జారిపోయి ఉన్నాయి. అక్క ఇంటిది మరీ అధ్వానం.

"ఈడి దుమ్ముకు ఈ ప్లేట్లు తట్టుకోవని మొదట్నుంచీ చెప్తానే ఉండా," అన్నాడు. "పైవాళ్లు చూసేకి వస్తాండారు. ఆలోపల సెట్లు విప్పేసి వేరే ఊర్లో పెట్టేది మేలు."

సెట్టంటే మోటారు కూడా. మోటారు పోతే ఆ అన్న మళ్లీ కండెల మూలకు పోతాడు. నాకు ఒళ్లు మండింది.

"విప్పే ముందు ఒక్కసారన్నా మేడెక్కి చూసినావా?" అన్నాను.

"అంతా ఫోన్లోనే కనపడతాంటే మేడెందుకు ఎక్కేది?"

రైలు దిగి నేరుగా అక్క ఇంటికి పోయి, ఎండ ముదరకముందే ఆయన్ను మేడెక్కించాను. ఎక్కగానే నాకు నవ్వాగలేదు. ఆయుధపూజకు మగ్గానికీ కత్తెరకూ స్కూటరుకూ పెట్టినట్టే, అక్క ప్లేట్లకూ బొట్లు పెట్టింది. అలా ఇలా పెట్టలేదు. ప్రతి ప్లేటుకూ అడ్డంగా మూడు విభూతి పట్టెలు, మధ్యలో పసుపు ముద్ద, దాని మీద అరచేతి వెడల్పున కుంకుమ. దిష్టి తగలకుండా ఫ్రేముకు బూడిద గుమ్మడికాయ ఒకటి కట్టింది, దాని నీడ పోయి ఇంకో ప్లేటు మీద పడుతోంది. పసుపు ఎండకు అట్ట కట్టి గాజును పట్టుకుని ఉంది. ప్లేటులో ఒక్క గడి మూసుకుపోయినా దాంతో కలిసి ఉన్న గడులన్నీ డీలా పడతాయట. ఇంజనీరు తల పట్టుకుని ఆ సంగతి చెప్పాడు.

"ఇంతేనా," అని జేబులోంచి రుమాలు తీశాడు. అక్క గభాల్న అడ్డం వచ్చింది.

"ఏం సార్, తుడుస్తాండావా? మా ఆయప్పకు కాళ్లిచ్చిన ప్లేట్లవి. వాటి బొట్టు తుడిచేదేంది? నా బొట్టు తుడిచినట్లు కాదా?"

రుమాలు మళ్లీ జేబులోకి పోయింది. ఆయన నా వైపు చూశాడు. మనుషుల సంగతి నాది కదా.

నేను చదివిన చదువంతా బయటికి తీశాను. గాజు గురించి, ఎండ గురించి, గడుల గురించి చెప్పాను. అక్క ఓపిగ్గా వినింది. "అర్థమాయె పాపా. వానొస్తే అదే పోతాదిలే. నీళ్లతో పోతే ఏం కాదు, చేత్తో తుడిస్తేనే తప్పు," అంది. మా సీమలో వానను నమ్ముకుని ఎవరు బాగుపడ్డారు గనక. పైగా ఆ ఏడు దసరాకు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

కానీ నీళ్లతో పోతే ఏం కాదన్న ఆ మాట నాకు దొరికింది. "అక్కా, గుళ్లో సామికి పెట్టిన బొట్టు మర్నాటికి ఏమైతాది?" అన్నాను.

"అభిషేకం చేస్తారు కదా, పోతాది. మళ్లా పెడతారు."

"మరి ఈ సాములకు అభిషేకం లేదా?"

అక్క ప్లేట్లను చూసింది. మొహం విచ్చుకుంది. "అవునే, పూజ చేస్తిమి గానీ అభిషేకం మర్చిపోతిమి," అని గబగబా మెట్లు దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయి ఇంజనీరు వైపు గర్వంగా చూశాను. ఆ గర్వం ఆమె తిరిగి వచ్చేదాకే నిలిచింది. బిందెడు నీళ్లతో పాటు పాలు, పెరుగు, తేనె, అరటిపళ్లు మోసుకొచ్చింది.

"పంచామృతం పోస్తే చీమలు కాపురం పెడతాయి," అని ఇంజనీరు గొణిగాడు. బేరం మొదలైంది. అక్క చెంబుడు పాలంది, ఆయన చుక్క కూడా వద్దన్నాడు. చివరికి ఉద్ధరిణెడు పాలు ఇనుప ఫ్రేము కాళ్లకు, నీళ్లు గాజుకు, అరటిపళ్లు మాకు అని ఒప్పందం కుదిరింది. గుమ్మడికాయ నీడ పడని వైపుకు మారింది. కొత్త బొట్లు ఫ్రేముకే పెట్టాలన్నప్పుడు అక్క ఒప్పుకోదనుకున్నాను. "సామికైనా నుదుటినే కదా పెట్టేది, కంట్లో పెడతామా," అని తానే సర్ది చెప్పుకుంది.

ఇంజనీరు బూట్లు విప్పి, గరుకు గచ్చు మీద కుంటుకుంటూ బిందె అందించాడు. నేను చెంబు మీద చెంబు పోశాను. అట్ట కట్టినచోట రుద్దడం కూడా అభిషేకంలో భాగమేనని తీర్పిచ్చాను, విగ్రహాన్ని మాత్రం రుద్ది కడగరా? పసుపూ కుంకుమా కలిసి తూములోంచి వీధిలోకి పారితే, ఏం జరుగుతోందని పక్కింటివాళ్లు వచ్చారు. వాళ్ల ప్లేట్లకూ అవే బొట్లు. సాయంత్రానికి వీధి వీధంతా అభిషేకాలే. తర్వాత మా నివేదికలో ఇంజనీరు 'శుభ్రపరచడం' అని రాస్తే, నేను పట్టుబట్టి 'ఆయుధపూజ తర్వాత అభిషేకం' అని మార్పించాను. శుభ్రం చేయమంటే ఎవరు చేస్తారు?

అభిషేకమైన ఆ మధ్యాహ్నం అక్క మమ్మల్ని అన్నం తిననిదే కదలనివ్వలేదు. సంగటి, నంజుకోడానికి చెనిక్కాయల ఊరిబిండి. పక్కనే మగ్గం నడుస్తోంది. దసరా నుంచీ సరిగ్గా ఆ వేళకే బ్యాటరీ అయిపోయి మోటారు ఆగిపోతోందట. మేం తింటున్నంతసేపూ అందరి చెవులూ ఆ చప్పుడు మీదే. అది ఆగలేదు. అన్నను తినడానికి రమ్మన్నాను. ఆయన తలెత్తలేదు. పట్టు మీద మరక పడుతుందని మగ్గం దగ్గరికి కంచం తీసుకుపోయేది లేదు.

"పిలవొద్దులే పాపా," అంది అక్క మెల్లగా. "సెట్లు విప్పాలని నిన్న సారు ఫోన్లో అన్యాడంట, పక్కింట్లో అనంగా విన్యాడు. నిన్నట్నుంచీ ఇంతే. లేస్తే మళ్లా కూర్చోనిస్తారో లేదోనని."

ఇంజనీరు తినడం ఆపేశాడు. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని లేచి మగ్గం దాకా పోయి, చీరకు దూరంగా నిలబడ్డాడు.

"అన్నా, సెట్టు ఈడే ఉంటాది. విప్పేది లేదు. రాసిచ్చేది నేనే కదా, నేను చెప్తాండా."

అన్న తలెత్తి ఆయన మొహం చూశాడు. తర్వాత చెయ్యి చాపి, మోటారు తానే ఆపి, గోడ పట్టుకుని లేచి వచ్చి మా పక్కన కూర్చున్నాడు.