రెండు వందల నలభై గుడ్ మార్నింగులు

మా కాలనీలో అరవై ఇళ్లవాళ్లు ఒక్క గొంతుతో కోరుకున్నదాన్ని ఒక్క మనిషి చేత ఓడించిన ఘనుణ్ణి నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు, పద్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మణుగూరులో బొగ్గు లారీలు తూచే కాంటా దగ్గర నా ఉద్యోగం. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. సొంతంగా నేర్చుకున్నవాడికి పొగరు రెండింతలు ఉంటుంది. వీడియోలు చూసి, కాలనీ కోసం ఫోనులో ఒక చర్చాగోడ కట్టాను. ఎవరైనా రాయొచ్చు, మిగతావాళ్లు సై, నై నొక్కొచ్చు. అందరి ఓటూ ఒకే బరువెలా అవుతుంది? లారీలే ఒక్క బరువుండవు! అందుకని ఎవరి రాత ఒక రోజు నిలిస్తే వాళ్ల ఓటు బరువు ఒకటి పెరిగేలా పెట్టాను. యాభై బరువు నై పడితే ఆ రాత మాయం. మూడు రాతలు మాయమైతే రాసినవాడు వారం పాటు బయట. మూడు దశాంశాల దాకా సరిచూసుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. "నీళ్లు ఐదున్నరకు ఇడవాల్నా, తొమ్మిదికా? మీరే తేల్చుకోండ్రి" అన్నాడు నీళ్లు వదిలే అతను. గోడమీద ఓటు పెట్టాను: ఐదున్నరకైతే సై, తొమ్మిదికైతే నై. మాయమయ్యే రూలు మామూలు రాతలకే, ఇలాంటి ఓటుకు లేదు. నా భార్య పద్మ ఆరున్నర బస్సుకు సారపాక పనికి పోవాలి. ఇంట్లో ఉన్నవి రెండు బిందెలు. ఐదున్నరకు నల్లా రాకపోతే ఆమెకు స్నానం లేదు, నాకు మనశ్శాంతి లేదు.

కాంటా దగ్గర కుదురుగా కూర్చోలేక లారీకొకసారి ఫోను చూశాను. కాలనీ మొత్తం సై కొట్టింది. తొమ్మిది గెలిచింది!

సైలన్నీ కలిపితే నూట ఎనభై ఏడు. ఉన్నది ఒక్క నై, దాని బరువు రెండు వందల నలభై. అది రిటైరైన యాదగిరి మామది. రోజుకు నాలుగు గుడ్ మార్నింగులు, గులాబీలతో సహా, రెండు నెలలు. గులాబీకి నై కొట్టే పాపాత్ముడెవడు?

"మామా, గిదేంది?" అని గోడమీద రాశాను. మాయం. "మామా, జర ఆలోచించు!" మాయం. "మామా, దండం పెడత!" ఈసారి నేనే మాయం. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడంటారు. నేను లోతు కొలిచి మరీ పడ్డాను.

ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ పద్మకు లెక్క చెప్పాను. "మామ రోజుకు నాలుగు పెడతడు. నువ్వు ఐదు గుడ్ మార్నింగులు పెట్టు. యాభై నాలుగో రోజు మనమే గెలుస్తం."

"యాభై నాలుగు దినాలు తానం లేకుంట బస్సెక్కాల్నా? నడువ్ ముందు."

నన్ను మామ ఇంటికి లాక్కుపోయింది. సంగతి విని మామ భార్య సత్తెమ్మ అత్త ఆయనవైపు తిరిగింది. మామ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందయ్యా? పొద్దుగాల బిందెలు మోసుడు తప్పుతదని గీ పని చేసినవా?"

"ఏ, గట్ల కాదే..."

"ఫోన్ తియ్యి. నొక్కు."

నొక్కాడు. రెండు వందల నలభై బరువూ అటునుంచి ఇటు దొర్లిపడింది.

గుమ్మం దాటుతూ ఉండబట్టలేక మెల్లగా అడిగాను: "మామా, గోడమీద అత్త ఓటు బరువెంత?"

"సున్న, అల్లుడూ. ఆమెకు ఫోనే లేదు."

అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మనుషుల మాటకు బరువు కట్టను. ఒకవేళ కట్టాల్సి వస్తే, ముందు వాళ్ల ఇంట్లో అడిగి కడతాను.