గీత పడని దెబ్బ

తుంపర వానలో అమీర్‌పేట మెట్రో కింద వ్యాన్ దిగాను. నాతోపాటు వైమానిక దళంలో చేరినవాళ్లకు లదాఖ్‌లూ తేజ్‌పూర్‌లూ పడ్డాయి. నాకు పడింది పంజాగుట్ట. బేస్‌లో స్కానింగ్ మెషిన్ మొరాయించింది. రిపేరైన హెలికాప్టర్ తోక పలకను ఇక్కడి సందులో ఉన్న ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పరీక్ష చేయించి తీసుకుపోవాలి. ఆర్డరు అంతే. సామాను: చెక్కపెట్టెలో పలక, తట్టి చూసే చిన్న సుత్తి, రెయిన్‌కోటు.

ఆ పలక రేకు కాదు. కార్బన్ నారను జిగురుతో పొరలు పొరలుగా అతికిస్తారు. రేకుకు దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది. దీనికి పైన ఏమీ కనిపించదు, లోపల పొరలు విడిపోతాయి. ఈ చిన్న ముక్క మనుషుల బుర్రకెక్కించడానికే నా సర్వీసు సగం అయిపోయింది.

మధ్యాహ్నానికి ల్యాబ్ పాస్ చేసింది. పెట్టెకు ఇంకా మూత వేయకముందే, మేకులు కొట్టడానికొచ్చిన హమాలీ పెద్ద సుత్తి జారవిడిచాడు. సరిగ్గా పలక మీద పడింది.

"ఏం కాలే సార్, గీత సుత పడలే," అన్నాడు కండువాతో తుడుస్తూ.

"గీత పడకపోవడమే కదయ్యా నా ఏడుపు!"

మా వ్యాన్ డ్రైవర్‌ది వరంగల్. "అన్నా, బల్కంపేట బోనాలు. ఇంకో గంటైతే రోడ్డు బంద్ చేస్తరు. పోదాం పా."

చిన్న సుత్తితో తట్టాను. బాగున్న చోట ఖంగుమనాలి, పాడైన చోట మొద్దుగా పలకాలి. సందు చివర డప్పులు, పైన మెట్రో, చుట్టూ హారన్లు. ఏం వినబడుతుంది, నా తలకాయ! ల్యాబ్ ఆపరేటరేమో అప్పటికే బోనాలకు వెళ్లిపోయాడు. రేపటిదాకా రాడు.

ఫోన్‌లో బేస్ నుంచి మా వారంట్ ఆఫీసర్ మండిపడ్డారు. "వరదలో జనం మేడలెక్కి కూర్చున్నారు. ఆ పలక కోసమే హెలికాప్టర్ ఆగింది. పాసైందన్నావు, మళ్లీ ఏంటి?"

"దెబ్బ తగిలింది సార్."

"కనిపిస్తోందా?"

"లేదు సార్."

"మరి?"

"పంపను సార్."

ఆయన ఫోన్ పెట్టేశారు. నాకు భయమేసింది. నా అనుమానం వట్టిదైతే ఆ మేడల మీది వాళ్ల ఉసురు నాకే తగులుతుంది.

మర్నాడు పొద్దున స్కాన్ చేశారు. పలక తెల్ల రంగు కింద పొరలు విడిపోయిన చోటు, అరచేతంత ఎర్రమచ్చగా తెర మీద తేలింది. వేరే బేస్ నుంచి ఇంకో పలక తెప్పించి, సాయంత్రానికి హెలికాప్టర్ లేపారు. జనాన్ని దించారు. కానీ ఒక రాత్రంతా వాళ్లు వానలో తడిశారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు, ఎవరి మీదో కూడా తెలియదు.

రిటైరై ఇంటికొచ్చాక చుట్టాలు అడిగేది ఒకటే. "బార్డర్ చూసినవా? తుపాకి పేల్చినవా?" పంజాగుట్ట అంటే పగలబడి నవ్వుతారు. నవ్వనీ.

నా కళ్లముందు నుంచి పోనిది ఆ హమాలీ. పిలిచి తెర చూపిస్తే నమ్మలేదు. పలక దగ్గరికి పోయి, మచ్చ ఉన్న చోట అరచెయ్యి పెట్టి నిమిరాడు. నున్నగా ఉంది. మళ్లీ నిమిరాడు.

"గా హెలికాప్టర్ల ఎంతమంది కూసుంటరు సార్?" అన్నాడు.

చెప్పాను. చెయ్యి అక్కడే ఉంచేశాడు.